పడే వస్తువు మన కేక కోసం ఆగదు

కిందటి నెల ఈ శీర్షికలో ఊరగాయ జాడీలకి వాసెన కట్టే సంగతులు రాస్తూ, "నిండు జాడీలు అటక మీదికి ఎక్కించకండమ్మా" అని ఓ ముక్క అనేసి ఊరుకున్నాను. దాని మీద ఒక సోదరి పెద్ద ఉత్తరమే రాసింది. ఆవిడ ఇంట్లో ఈ మాట మీద తగువైందట. "బరువైనవి తొందరగా పడతాయి, తేలికైనవి మెల్లిగా పడతాయి కదా అని బరువులన్నీ కిందా, తేలికవన్నీ పైనా సర్దుకున్నాను. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. రెండూ ఒకేసారి పడతాయమ్మా అంటాడు. మావారు వాడి మాట కొట్టిపారేశారు. ఇంతకీ ఎవరు రైటు?" అని అడిగింది.

మీ అబ్బాయే రైటు. ఈ మాట మీవారికి మెల్లిగా చెప్పండి, భోజనం అయ్యాక.

మీ సర్దుడు కూడా సగం మంచిదే. ఎందుకు సగమే అన్నానో చెప్పాలంటే నేను ఒకసారి చేసిన తెలివితక్కువ పని మీ ముందు ఒప్పుకోవాలి. దానికి ముందు మీచేత రెండు మూడు పనులు చేయిస్తాను. అన్నీ వంటింట్లో ఉన్నవాటితోనే, పైసా ఖర్చులేదు.

ముందుగా ఓ లావుపాటి పుస్తకం, దానికంటే చిన్న కాగితం ముక్క తీసుకోండి. రెండు చేతులతో రెండూ ఒకే ఎత్తు నుంచి వదలండి. పుస్తకం దబ్బున పడుతుంది, కాగితం ఊగుతూ ఊగుతూ పెళ్లికూతురిలా దిగుతుంది. మీవారు "చూశావా?" అంటారు. అననివ్వండి. ఇప్పుడు ఆ కాగితాన్ని పుస్తకం అట్ట మీద, అంచులు బయటికి రాకుండా పరచి, పుస్తకాన్ని పడుకోబెట్టినట్టే పట్టుకుని వదలండి. రెండూ కలిసే నేల చేరతాయి. కాగితం బరువేమీ పెరగలేదు కదా! దానికి అడ్డు తగిలే గాలిని పుస్తకం ముందే తోసేసింది, అంతే. లేదా అదే కాగితాన్ని ఉండగా నలిపి వదిలి చూడండి. అప్పుడూ పుస్తకంతో ఇంచుమించు కలిసే పడుతుంది.

అసలీ గాలి సంగతి మన ఆడవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. చేటలో బియ్యం చెరిగేటప్పుడు మనం చేసే పని ఏమిటి? గింజ తిన్నగా చేటలోకి దిగుతుంది, ఊక, పొట్టు గాలికి పక్కకి పోతాయి. కళ్లంలో ధాన్యం తూర్పారబట్టినా అంతే. భూమి గింజని ఒకలాగా, పొట్టుని ఒకలాగా లాగి కాదు, గాలి పొట్టుని ఆపగలదు, గింజని ఆపలేదు. గాలే లేకపోతే చేటకి పనే లేదు! 1971 ఆగస్టు 2న చంద్రుడి మీద, అక్కడ గాలి లేదు కదా, అపోలో 15లో వెళ్లిన డేవిడ్ స్కాట్ ఒక చేత్తో సుత్తి, ఒక చేత్తో డేగ ఈక పట్టుకుని రెండూ ఒక్కసారే వదిలాడు. రెండూ ఒక్కసారే నేల తాకాయి. టీవీ కెమెరా ముందే చేశాడు కాబట్టి మీవారు కాదనడానికి లేదు.

బరువైనదాన్ని భూమి ఎక్కువ బలంతో లాగుతుందన్న మాట నిజమే. కానీ బరువైనదాన్ని కదిలించడమూ అంత కష్టమే. బీరువా జరపాలంటే ఇద్దరు కావాలి, స్టూలు జరపాలంటే కాలితో తోస్తే చాలు. లాగుడు ఎంత ఎక్కువో మొండితనమూ అంతే ఎక్కువ కావడంతో చివరికి సుత్తీ ఈకా ఒకే లెక్కన దిగుతాయి.

సరే, కలిసి పడతాయని తేలింది. ఎలా పడతాయి అన్నది అసలు ప్రశ్న. మనలో చాలామందికి ఇది తట్టదు. నాకూ తట్టలేదు, అందుకే ఆ తప్పు చేశాను.

కుళాయి కొద్దిగా తిప్పి, చిందకుండా సన్నటి ధార వచ్చేలా పెట్టండి. ధారని పై నుంచి కింది దాకా చూడండి. కుళాయి మూతి దగ్గర పెన్సిలంత ఉన్న ధార కిందికి వచ్చేసరికి అల్లిక సూదంత అవుతుంది. రోజూ చూసేదే, ఎప్పుడైనా ఎందుకని అనుకున్నామా? పైన ఎన్ని నీళ్లు బయల్దేరాయో కిందా అన్నే చేరుతున్నాయి, మధ్యలో ఎక్కడా పోలేదు. అవే నీళ్లు సన్నటి ధారలోంచి పోవాలంటే కింద ఇంకా జోరుగా పోతూ ఉండాలి. అంటే పడుతున్నకొద్దీ వేగం పెరుగుతోందన్నమాట. కాఫీ చల్లార్చడానికి గ్లాసు పైకెత్తి పోసేటప్పుడు కూడా ఇదే చూడొచ్చు. ఎత్తినకొద్దీ ధార అడుగున సన్నబడుతుంది. అతి చేస్తే చీర మీద పడుతుంది, అది వేరే సంగతి.

ఈ పెరుగుడుకి ఓ లెక్క ఉంది. చేతిలోంచి జారిన వస్తువు ఒక్క సెకను గడిచేసరికి గంటకి 35 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. రెండో సెకను చివరికి 70. మూడో సెకనుకి 105. ఎక్కడా అలసట లేదు, సెకను సెకనుకీ మరో 35 కలుపుకుంటూ పోతుంది. పిల్లల పుస్తకాల్లో దీన్నే సెకనుకి, సెకనుకి 9.8 మీటర్ల చొప్పున త్వరణం అని రాస్తారు. అడుగుల్లో చెప్పాలంటే మొదటి సెకనులో 16 అడుగులు పడుతుంది, రెండో సెకనులో 48, మూడో సెకనులో 80. ఒకటికి మూడింతలు, అయిదింతలు. చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్లో నూతిలో గులకరాయి వేసి, బుడుంగుమనే దాకా అంకెలు లెక్కపెట్టేవాళ్లం. ఒక నుయ్యి ఒక అంకె, ఇంకో నుయ్యి రెండు అంకెలు. రెండోది రెట్టింపు లోతనుకునేవాళ్లం. అంకె సరిగ్గా ఒక సెకనైతే అది నాలుగింతలు లోతు! 16 అడుగులు, 64 అడుగులు. పెద్దవాళ్లు ఊరికే చెవులు మెలిపెట్టలేదు.

ఈ లెక్క పట్టుకున్న పెద్దమనిషి ఇటలీ దేశపు గెలీలియో, 1564లో పుట్టాడు. పీసా గోపురం మీద నుంచి గుళ్లు వదిలాడన్న కథ అందరికీ తెలుసు, అది జరిగిందో లేదో అని చరిత్రకారులకే అనుమానం. నాకు నచ్చింది ఆయన నిజంగా చేసిన పని. నిటారుగా పడేదాన్ని కంటితో అందుకోలేక, పొడుగాటి చెక్కకి గాడి తొలిపించి, దాన్ని ఏటవాలుగా పెట్టి, కంచు గోళీని దొర్లించాడు. అలా అయితే నెమ్మదిగా దిగుతుంది కదా. మరి కాలం కొలవడానికి? సెకన్లు సరిగ్గా కొలిచే గడియారం ఆయన దగ్గర లేదు. పెద్ద పాత్రనిండా నీళ్లు పోసి, అడుగున సన్న గొట్టం పెట్టి, గోళీ దొర్లినంతసేపూ కారిన నీళ్లని గ్లాసులో పట్టి, తక్కెడలో తూచాడు! నీళ్లు ఎన్ని కారితే కాలం అంత. ఏ వంటింట్లో నుంచి వచ్చిన ఉపాయమో అనిపిస్తుంది. ఆ సంగతులన్నీ పుస్తకంగా 1638లో అచ్చయ్యాయి, ఆయన అప్పటికి ముసలితనంలో ఇంట్లోనే బందీ. ఆయన పెద్ద కూతురు సన్యాసినుల మఠంలో ఉండేది. 1633లో తండ్రి రోములో విచారణకి వెళ్తే ఇక్కడ ఆయన ఇంటి పనులన్నీ ఆ పిల్లే కనిపెట్టుకుని చూసుకుంది, ఉత్తరాలు రాస్తూ. మరుసటేడే పోయింది, 33 ఏళ్ల వయసులో. పుస్తకం చూడలేదు పాపం.

ఇప్పుడు నా సంగతి.

పదేళ్ల కిందటి మాట. అప్పుడు మేం అపార్టుమెంటులో పై అంతస్తులో ఉండేవాళ్లం. మా బాల్కనీ పిట్టగోడ నేలకి 40 అడుగుల ఎత్తు ఉంటుంది. ఎండ చాలడం లేదని కనకాంబరం కుండీ ఒకటి తెచ్చి ఆ గోడ మీద పెట్టాను. మావారు రెండుసార్లు అన్నారు, తీసెయ్ అని. "చిన్న కుండీయే కదా, మట్టితో కలిపి రెండు కిలోలు ఉండదు" అన్నాను. పైగా పడుతున్నట్టు అనిపిస్తే పట్టుకోలేనా, కనీసం కిందివాళ్లని కేకైనా వెయ్యలేనా అని నా ధీమా.

ఓ రోజు సాయంత్రం తీగ మీద ఆరేసిన దుప్పటి తీసి దులుపుతుంటే దాని చెంగు కుండీకి తగిలింది. కదలడం చూశాను. చెయ్యి చాపాను. నా చెయ్యి గోడ దగ్గరికి చేరేసరికి అక్కడ కుండీ లేదు. నోరు తెరిచాను. నా గొంతులోంచి మాట రాకముందే కింద చప్పుడైంది.

ఆ గోడ కింద రోజూ ఆ వేళకి వాచ్‌మన్ భార్య కూర్చుని బియ్యం ఏరుకునేది. ఆ రోజూ కూర్చుంది. ఎవరో గేటు దగ్గర హారన్ కొడితే, చేట అక్కడే వదిలి తలుపు తియ్యడానికి లేచింది. నేను తొంగి చూసేసరికి చేట మధ్యలో కన్నం, చుట్టూ బియ్యం, మట్టి, పెంకులు. ఆవిడ గేటు పట్టుకుని పైకి చూస్తోంది. మెట్లు ఎలా దిగానో తెలియదు. నేను నోరు విప్పేలోపు తనే, "మీకేం కాలేదు కదమ్మగారూ? గోడ గానీ విరిగిందేమో అనుకున్నా" అంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు పక్క ఫ్లాటులో ఇంటర్ చదివే అమ్మాయి, నా గోల విని, కాగితం పెన్ను తెచ్చి లెక్క వేసి చూపించింది. 40 అడుగులు పడటానికి పట్టే కాలం ఒక సెకనున్నర, అంతకి రవ్వంత ఎక్కువ. మొదటి సెకనులో కుండీ 16 అడుగులే దిగింది. మిగతా 24 అడుగులూ ఆ తర్వాతి అర సెకను పైచిలుకులో అయిపోయాయి. నేల చేరేటప్పటికి వేగం గంటకి 55 కిలోమీటర్లు. రోడ్డు మీద బస్సు అంత జోరున వస్తుంటే మనం పిల్లల చెయ్యి పట్టుకుని వెనక్కి లాగుతాం!

"ఆంటీ, కేక వేసినా ఏం లాభం? కిందున్నవాళ్లు విని, తలెత్తి, ఎటు జరగాలో అనుకునేసరికే అయిపోతుంది" అంది ఆ పిల్ల. పైగా తలెత్తితే మొహం మీద పడుతుంది.

ఇంకో మాట చెప్పింది, అది ఇప్పటికీ నా చెవిలో ఉంది. దెబ్బ ఎంత అన్నది బరువునీ ఎత్తునీ హెచ్చవేస్తే వస్తుందట. రెండు కిలోల కుండీ 12 మీటర్ల పై నుంచి పడటమంటే, 24 కిలోల బరువు ఒక మీటరు ఎత్తు నుంచి పడినట్టు. అంటే మనం కొనే 25 కిలోల బియ్యం బస్తాని నడుమెత్తు నుంచి కూర్చున్న మనిషి తల మీద పడేయడం. అదీ మెత్తటి బస్తా కాదు, పగిలితే కోసే పెంకు. పావు కిలో బంగాళదుంప అక్కణ్ణించి జారినా మూడు కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడ్డంత.

ఉత్తరం రాసిన చెల్లీ, అందుకే మీ సర్దుడు సగమే మంచిది అన్నాను. అటక మీద తేలికవి పెట్టడం చాలా మంచి పని, పడితే దెబ్బ తక్కువ. కానీ తేలికది మెల్లిగా పడుతుంది, అంతలో తప్పుకోవచ్చు అనుకుని బాల్కనీ గోడ మీద, కిటికీ అంచున ఏదీ పెట్టకండి. స్టీలు గ్లాసుకి గాలి అడ్డం రాదు. ఈకకీ, కాగితానికీ, వాన చినుక్కీ వస్తుంది. ఆ, వాన అంటే గుర్తొచ్చింది, గాలి అడ్డం లేకపోతే కిలోమీటరు పై నుంచి వచ్చే చినుకు గంటకి 500 కిలోమీటర్ల వేగంతో వచ్చి మన వడియాల్నే కాదు, మనల్నీ వాయించేది. గాలి పట్టి ఉంచబట్టి పెద్ద చినుకైనా గంటకి 30, 35 కిలోమీటర్లకి మించదు.

"పట్టుకోలేనా" అన్న ధీమా మీకూ ఉంటే ఒక ఆట చెప్తాను, పిల్లలకి సరదాగా ఉంటుంది. మడతల్లేని కొత్త వంద నోటు నిలువుగా పట్టుకోండి. ఎదుటివాళ్లని బొటనవేలు, చూపుడువేలు నోటుకి తగలకుండా సరిగ్గా మధ్యన, గాంధీగారి దగ్గర, ఆనించకుండా ఉంచమనండి. "పట్టుకుంటే నీదే" అని, చెప్పకుండా వదిలెయ్యండి. వేళ్లు మూసుకునేసరికి నోటు నేల మీద ఉంటుంది. సగం నోటు, అంటే ఏడు సెంటీమీటర్లు, జారడానికి సెకనులో ఎనిమిదో వంతు చాలు. కళ్లు చూసి, వేళ్లు కదలడానికి మనిషికి సెకనులో అయిదో వంతు పడుతుంది. మా ఇంట్లో ఇప్పటిదాకా నా వంద నాకే ఉంది. ఎదుటివాళ్లు ముందే అందాజుగా వేళ్లు మూస్తే మాత్రం పోవచ్చు, కనిపెట్టుకోండి.

ఇదే లెక్క కత్తికీ వర్తిస్తుంది. వంట గట్టు మీద నుంచి చాకు జారితే చెయ్యి దానంతటదే వెళ్తుంది, మన ఆడవాళ్లకి అది పుట్టుకతో వచ్చిన జబ్బు. గట్టు మీద నుంచి నేలకి చేరడానికి అర సెకను కూడా పట్టదు. మనం చూసి చెయ్యి కదిపేటప్పటికే జానెడు దూరం దిగిపోయి ఉంటుంది, అప్పుడు మన చేతికి పిడి దొరుకుతుందో పదును దొరుకుతుందో దేవుడికే తెలియాలి. చేతులు పైకెత్తి, కాళ్లు వెనక్కి తియ్యండి. చాకు పోతే పోనీ. కాగుతున్న నూనె మూకుడు గానీ, పాల గిన్నె గానీ ఒరిగినా అంతే, పట్టుకోబోవద్దు, వెనక్కి దూకండి.

పసిపిల్లలున్న ఇంట్లో మరీ చెప్పాలి. "మంచం మధ్యలోనే పడుకోబెట్టాను, చూస్తూనే ఉన్నాను" అంటాం. అడుగున్నర ఎత్తు మంచం మీద నుంచి పడటానికి సెకనులో మూడో వంతు. చూస్తూ ఉండటానికీ పట్టుకోవడానికీ మధ్య అంత వ్యవధి లేదు. బోర్లాపడటం నేర్చిన దగ్గర్నుంచి నేల మీద బొంత వేసి పడుకోబెట్టడమే మేలు, మన అమ్మలు చేసినట్టు.

ఇక తాళంచెవులు. పిల్లవాడు కింద నుంచి "అమ్మా, బండి తాళం" అంటే పై నుంచి విసిరేస్తాం, వాడు దోసిలి పడతాడు. మూడో అంతస్తు గోడ మీద నుంచి ఆ గుత్తి గంటకి 50 కిలోమీటర్ల వేగంతో వాడి చేతుల్లోకి వస్తుంది, మొహం సరిగ్గా దాని కిందే ఉంటుంది. చేతిరుమాల్లో మూట కట్టి వేస్తే నెమ్మదిస్తుందని కొందరంటారు, మూట కట్టిన రుమాలు గాలిని ఏమీ ఆపదు. కూరలు లాక్కోవడానికి బుట్టకి తాడు కడతాం కదా, అందులో వేసి దింపండి.

బాల్కనీకి మొక్కలు వద్దనను, అవి లేకపోతే ఇల్లు బోసిగా ఉంటుంది. కుండీలు గోడకి లోపలి వైపు నేల మీదో, స్టాండు మీదో పెట్టండి. గోడకి తగిలించే ఇనుప స్టాండ్లు కొనేటప్పుడు, బయటికి వేలాడేవి కాకుండా లోపలికి వేలాడేవి అడగండి, కొక్కేల తుప్పు ఏడాదికోసారి చూసుకోండి. ఎండ చాలకపోతే ఎండ కావలసిన మొక్క మానేసి, నీడలో బతికే మనీప్లాంటు పెట్టుకోండి. దుప్పట్లు దులిపేటప్పుడు గోడ మీద ఫోను, కళ్లజోడు, కాఫీ కప్పు లేకుండా చూసుకోండి. మా ఇంట్లో మావారి కప్పుతోనే ఇప్పటికీ యుద్ధం.

ఆ వాచ్‌మన్ భార్యకి కొత్త చేట, ఐదు కిలోల బియ్యం తీసుకెళ్తే, చేట తీసుకుంది గానీ బియ్యం ఎంత చెప్పినా తీసుకోలేదు. మర్నాటి నుంచి మెట్ల కిందికి మారి, అక్కడి గుడ్డి వెలుతురులో కూర్చుని ఏరుకునేది. ఎందుకు మారావని నేనూ అడగలేదు, తనూ చెప్పలేదు. పెంకుల్లో పడి ఉన్న కనకాంబరాన్ని మాత్రం వేరుతో సహా తీసి గేటు పక్కన నేలలో నాటింది. మేం ఆ ఇల్లు ఖాళీ చేసే నాటికి అది నడుమెత్తు పెరిగింది. పూలు కోసి మాల కట్టి, శుక్రవారం శుక్రవారం నాకు ఓ మూర పైకి పంపేది.